పదమూడు జెర్సీల మనిషి

ఆరేళ్లలో నాలుగు కంపెనీలు మారిన కుర్రాడికి ఇంటర్వ్యూలో తప్పని ప్రశ్న ఒకటుంది. "ఎక్కడా కుదురుగా ఉండవా?" ఇంట్లో నాన్న అడిగేదీ అదే. ఈసారి అడిగితే ఇష్ స్మిత్ పేరు చెప్పండి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో పదమూడు జట్లకు ఆడాడు. అంతకుముందు రికార్డు పన్నెండు.

కాలికి బలపం కట్టుకు తిరగాలని అతనికేం సరదా లేదు. 2010లో కాలేజీ ముగించాడు. జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఆ ఏడాది 60 పేర్లు పిలిచారు, అతని పేరు రాలేదు. ఎత్తు ఆరడుగులు. మన వీధిలో పొడగరి, అక్కడ పొట్టివాడు. దూరం నుంచి వేస్తే గురి అంతంతమాత్రం. ఉన్న ఆస్తల్లా వేగం. హ్యూస్టన్ చేర్చుకుంది, ఏడాది తిరక్కుండా మెంఫిస్‌కి పంపేసింది. ఆ తర్వాత గోల్డెన్ స్టేట్, ఓర్లాండో, మిల్వాకీ, ఫీనిక్స్... కూరలో కరివేపాకు బతుకు.

నాకు నచ్చేది 2015 డిసెంబరు 24. అంతకుముందు అతను ఆడిన ఫిలడెల్ఫియా ఆ ఏడాది వేసవిలో అతన్ని ఊరికే వదులుకుంది. కొత్త సీజన్లో 31 ఆటలాడి ఒక్కటంటే ఒక్కటి గెలిచింది. అప్పుడు రెండు డ్రాఫ్ట్ అవకాశాలు ఎదురిచ్చి మరీ న్యూ ఆర్లీన్స్ నుంచి అతన్నే వెనక్కి తెచ్చుకుంది. మిగిలిన 51 ఆటల్లో తొమ్మిది గెలిచింది. గొప్పేం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఒకటి ఎక్కడ, తొమ్మిది ఎక్కడ?

అతను చేసే పని చూడండి. పాయింట్ గార్డ్ అంటే బంతి తెచ్చి పంచేవాడు. ఎనిమిది సెకన్లలో సగం కోర్టు దాటాలి, ఇరవైనాలుగు సెకన్లలోపు జట్టు షాట్ వేయాలి. ఆలోగా ఎవరికి బంతి ఎక్కడ అందాలో తెలిసుండాలి. ఫిలడెల్ఫియా సహచరుడు నెర్లెన్స్ నోయెల్ లాంటి పొడగరికి రింగు పక్కన గాల్లోకి వదిలితే చాలు, ఎగిరి అందుకుంటాడు. ఇంకొకడికి మూలన నిలబడ్డచోటే చేతికి రావాలి. జట్టు మారిన ప్రతిసారీ ఈ లెక్కంతా మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే.

కొత్త ఆఫీసులో మొదటి వారం మీరు చేయాల్సిందీ ఇదే. అకౌంట్స్ మేడమ్‌కి బిల్లులు ఏ తేదీలోపు కావాలి? మేనేజర్ మెయిల్ చదివే రకమా, ఫోన్ చేస్తేనే పలికే రకమా? అడిగి రాసుకోండి. "మా పాత ఆఫీసులో అయితేనా..." అనే మాట మాత్రం కనీసం ఆరునెలలు నోట్లోంచి రానివ్వకండి. వెళ్లిపోయేటప్పుడు మీ ఫైళ్లు తర్వాతి మనిషికి అర్థమయ్యేలా అప్పగించండి, తిరిగి పిలిచేది వాళ్లే కావచ్చు.

అన్నట్టు, బాస్ కసిరాడని రాజీనామా విసిరికొట్టేవాళ్లు ఇతన్ని అడ్డం పెట్టుకోవద్దు. అతను అలిగి వెళ్లినవాడు కాదు, చాలాసార్లు పంపితే వెళ్లినవాడు.

2022లో పదమూడో జట్టు డెన్వర్. 2023 జూన్‌లో ఆ జట్టు తన చరిత్రలో తొలి టైటిల్ గెలిచింది. స్మిత్ ఎక్కువగా బెంచి మీదే కూర్చున్నాడు, అయినా ఛాంపియన్ ఉంగరం అందుకున్నాడు. ఆ ఏడాదే షార్లెట్ నుంచి పిలుపొచ్చింది. అతను పుట్టిన ఊరు. ఆ జట్టుకి ఆడటం అది రెండోసారి.