గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: చికిత్సకు దారి చూపే పెట్ స్కాన్

ముట్లుడిగిన తరువాత మళ్లీ రక్తం కనబడటం, దుర్వాసనతో తెల్లబట్ట కావటం వంటి లక్షణాలను సిగ్గుతో దాచుకొని, ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చే సహోదరీలు ఇప్పటికీ ఉన్నారు. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలాక డాక్టర్లు ముందుగా తెలుసుకోవలసింది, వ్యాధి ఎంతదూరం పాకిందన్నదే.

చేతి పరీక్షలో గర్భాశయ ముఖద్వారం, దాని చుట్టుపక్కల భాగాలు తెలుస్తాయి. కటి లోపల, వెన్నెముక ముందు పెద్ద రక్తనాళం పక్కన ఉండే లింఫు గ్రంథులు (బిళ్లలు) చేతికి అందవు. అందుకే 2018లో అంతర్జాతీయ స్త్రీవైద్య సమాఖ్య 'ఫిగో' దశల నిర్ణయంలో స్కాన్లను కూడా లెక్కలోకి తీసుకుంది. కటిలోని బిళ్లలకు పాకితే 3సి1, పైనున్నవాటికి పాకితే 3సి2 దశ అంటారు.

పెట్ స్కాన్‌లో గ్లూకోజు వంటి పదార్థానికి రేడియోధార్మిక ఫ్లోరిన్-18 జోడించి నరంలోకి ఎక్కిస్తారు. క్యాన్సర్ కణాలు చక్కెరను ఎక్కువగా లాక్కుంటాయి గనుక, సుమారు గంట తరువాత స్కాన్ తీస్తే అవి వెలుగుతూ కనిపిస్తాయి. సీటీలో మామూలు సైజుగా కనిపించిన బిళ్ల కూడా ఇందులో బయటపడవచ్చు. ఈ పదార్థం శక్తి 110 నిమిషాలకే సగమవుతుంది. కాబట్టి ప్రతి ఊరి ఆసుపత్రిలో దీనిని నిల్వ ఉంచుకోవటం కుదరదు.

వ్యాధి కటిలోనే ఉంటే అక్కడ రేడియేషన్ (మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారు) ఇస్తూ, వారానికొకసారి సిస్‌ప్లాటిన్ ఇంజెక్షన్ ఇస్తారు. 1999 నుండి ఇది స్థిరపడిన పద్ధతి. ఈ మందు రేడియేషన్ పనిని బలపరుస్తుంది. కిడ్నీల మీద భారం పడుతుంది గనుక ముందుగా క్రియాటినిన్ చూస్తారు. పై బిళ్లలు కూడా వెలిగితే రేడియేషన్ హద్దును పైకి పెంచుతారు. ఊపిరితిత్తులకో, కాలేయానికో పాకితే ఒళ్లంతా తిరిగే కీమో మందులే ముఖ్యమవుతాయి. ఏ మందు ఎవరికి పనిచేస్తుందో మాత్రం ఈ స్కాన్ చెప్పదు.

వెలిగినదంతా క్యాన్సర్ కాదు. టీబీ బిళ్లలు కూడా వెలుగుతాయి. అనుమానం ఉంటే సూదితో పరీక్ష చేయించాలి. మరీ చిన్నవి కనబడకపోవచ్చు. మందు మూత్రంలో కలిసి మూత్రాశయమూ వెలుగుతుంది గనుక స్కాన్‌కు ముందు మూత్రానికి వెళ్లిరావాలి. నాలుగు నుండి ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగవచ్చు. షుగర్ ఉన్నవారు మాత్రల సంగతి ముందే అడగండి.

పెట్ స్కాన్ దొరకలేదని చికిత్స ఆపవద్దు. సీటీ, ఎంఆర్ఐలతోనూ మొదలుపెట్టవచ్చు. మొదలుపెట్టిన రేడియేషన్ మొత్తం ఎనిమిది వారాల్లో ముగియటం ముఖ్యం. ప్రార్థన కూటాలు అయ్యాక వస్తామనే కుటుంబాలకు మా మనవి, రేడియేషన్ గది బయట కూర్చుని కూడా ప్రార్థించవచ్చు.

చికిత్స తరువాతి స్కాన్‌కు తొందరపడకండి. రేడియేషన్ వాపు కూడా వెలుగుతుంది గనుక సాధారణంగా మూడు నెలలు ఆగి తీస్తారు.