ఇంటా సరిహద్దునా ఒకే మనిషి

ఇంట్లో ఉన్నా ఉద్యోగంలో ఉన్నా, నలుగురూ చూస్తున్నా ఎవరూ చూడకపోయినా మనిషి నడవడిలో మారకుండా నిలిచే గుణాల కలయికనే వ్యక్తిత్వం అంటారు. సైన్యాన్నే జీవితకాలపు వృత్తిగా ఎంచుకున్న సైనికుడి విషయంలో ఈ నిలకడకు పరీక్ష కఠినంగా ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇంటికి దూరంగా ఉంటూనే అతడు కొడుకుగా, భర్తగా, తండ్రిగా కూడా బతకవలసి ఉంటుంది. సూర్యాపేటకు చెందిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు జీవితం ఈ పరీక్షలో నెగ్గిన వ్యక్తిత్వానికి ఉదాహరణ.

సైన్యంలో చేరాలన్న కోరిక తనకు తీరకపోవడంతో, ఆయన తండ్రి దానిని కొడుకులో చూసుకోదలచారు. విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక పాఠశాల, అంటే విద్యార్థులను చిన్ననాటి నుంచే సైనికాధికారి శిక్షణకు సిద్ధం చేసే ఆవాస పాఠశాల, ఆ కలకు తొలి మెట్టు కాగా, నేషనల్ డిఫెన్స్ అకాడమీలో శిక్షణ పొంది 2004 డిసెంబరులో బిహార్ రెజిమెంటు 16వ బెటాలియన్‌లో అధికారిగా చేరేనాటికి అది పూర్తిగా ఆయన సొంత సాధనగా మారింది. పెద్దలు చూపిన దారిని రోజువారీ క్రమశిక్షణతో తనదిగా చేసుకోవడాన్నే కర్తవ్యనిష్ఠ అనాలి.

ఆయనలో చెప్పుకోదగిన రెండో గుణం నిగ్రహం, అంటే శక్తి చేతిలో ఉన్నా దానిని హద్దు దాటనీయకపోవడం. భారత్, చైనాల మధ్య ఇరుపక్షాల ఆధీనంలోని భూభాగాలను వేరుచేసే వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపరాదని 1996 ఒప్పందం చెబుతోంది. 2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో ఇరు సైన్యాల మధ్య కాల్పులు లేకుండానే రాళ్లతో, కర్రలతో, ఇనుప మేకులు దిగ్గొట్టిన ఆయుధాలతో ఘర్షణ చెలరేగినప్పుడు, దళాధిపతిగా ఉన్న ఆయన తీవ్రంగా గాయపడినా వెనక్కి తగ్గక, ముందు నిలిచి తన జవాన్లను నడిపిస్తూ ప్రాణాలర్పించారు. ఆ ఘర్షణలో భారత సైన్యం ఆయనతో కలిపి 20 మందిని కోల్పోయింది. యుద్ధకాల శౌర్య పురస్కారాలలో రెండవదైన మహావీర చక్రను ప్రభుత్వం 2021లో ఆయనకు మరణానంతరం ప్రకటించింది.

అదే నిగ్రహం ఆయన ఇంటి మాటల్లోనూ కనిపిస్తుంది. మరణానికి ముందు ఫోనులో మాట్లాడినప్పుడు సరిహద్దు పరిస్థితి గురించి అడిగితే, అటువంటివి అడగకూడదనీ, తిరిగి వచ్చాక మాట్లాడుకుందామనీ ఆయన బదులిచ్చినట్లు తల్లిదండ్రులు తరువాత చెప్పారు. కన్నవారితో సైతం వృత్తి రహస్యాన్ని పంచుకోని ఆ సంయమనంలో ఆప్యాయత లోపించలేదు; వారి మనసును కలవరపెట్టకూడదన్న జాగ్రత్తా, మళ్లీ కలుస్తామన్న భరోసా కూడా ఆ కొద్ది మాటల్లోనే ఇమిడి ఉన్నాయి. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు ఢిల్లీలో ఉండగా తాను మంచుకొండల్లో కాపలా కాసిన ఆ మనిషికి కర్తవ్యం, మమకారం ఒకే బాధ్యతగా కలిసి నడిచాయి.

దేశం కోసం ప్రాణమిచ్చినందుకు గర్వంగా ఉందనీ, ఒక్కగానొక్క కొడుకు పోయినందుకు తల్లిగా దుఃఖం ఉందనీ ఆయన తల్లి చెప్పిన మాటలు ఈ స్మరణకు సరైన కొలమానం. గర్వాన్ని మాత్రమే తలచుకుంటే వీరుడు విగ్రహంగా మిగిలిపోతాడు. ఆ దుఃఖాన్ని కూడా గుర్తించినప్పుడే అతడు మనిషిగా, అనుసరించదగినవాడుగా దగ్గరవుతాడు.

ఉద్యోగ భారాన్ని సాకుగా చూపి ఇంటివారితో మాట తగ్గించుకునేవారూ, ఇంటి మమకారాన్ని సాకుగా చూపి వృత్తిధర్మాన్ని సడలించుకునేవారూ ఈ జీవితాన్ని శ్రద్ధగా చదవాలి. అప్పగించిన పనిని చివరిదాకా నిలబెట్టడం, నోటిని అదుపులో ఉంచుకోవడం, ఎంత దూరాన ఉన్నా తనవారి క్షేమం అడగడం అనే మూడు అలవాట్లను ప్రతి పాఠకుడూ ఈ రోజు నుంచే సాధన చేయాలి. అమరుడైన సైనికుడికి అర్పించదగిన నివాళి అదే.