అమ్మమ్మ పాటలో పనసపొట్టు

సమస్య



మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాకు 34 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. పోయిన మాఘమాసంలో మా అమ్మమ్మ పోయింది. 86 ఏళ్లు. నన్ను పెంచింది ఆవిడే.

అమ్మమ్మ మూడో తరగతితో చదువు ఆపేసింది. కానీ చెయ్యి ఊరికే ఉండేది కాదు. పాత నూలుచీరలు పోగేసి బొంతలు కుట్టేది. ఏ చీర పక్కన ఏ చీర పడాలో అరుగు మీద పరుచుకుని, ఒక పూటంతా అటూ ఇటూ మార్చి చూసుకునేది. కుడుతూ రామాయణం పాటలు పాడేది. మంచం మీది బొంత పరుస్తూ, “ఇది ఊర్మిళ బొంతే, పడుకుంటే ఇక లేవవు” అనేది నాతో. ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాడుతూ కుట్టిందన్నమాట.

ఈ పాటలు ఆవిడ అత్తగారి దగ్గర నేర్చుకుందట. పెళ్లయిన కొత్తలో తాతయ్యకి ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం. క్వార్టర్స్ దొరికేదాకా ఆరేళ్లు అమ్మమ్మ ఊళ్లోనే ఉండిపోయింది. తర్వాత తాతయ్య పాత లెక్కల పుస్తకం ఒకటి తీసుకుని పాటలన్నీ అందులో రాసుకుంది. పాట మధ్యలో పాల లెక్క వస్తుంది, చాకలి పద్దు వస్తుంది, మళ్లీ పాట. అది కాక ఆవిడ పాడినవి నా ఫోన్‌లో 11 రికార్డులున్నాయి.

సంవత్సరీకానికి ఆ పాటలు చిన్న పుస్తకంగా వేసి బంధువులకి పంచాలనుకున్నాం. పెద్దమామయ్య తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పుస్తకం పని ఆయన తీసుకున్నారు. ప్రూఫులు చూసి నాకు ఏడుపొచ్చింది. నిద్ర లేచిన ఊర్మిళకీ లక్ష్మణుడికీ వడ్డించే విందులో అమ్మమ్మ ఆవపెట్టిన పనసపొట్టు కూర, కందాబచ్చలి, తేగలు పెడుతుంది. అయోధ్యలో పనసపొట్టేమిటని మామయ్య ఆ చరణాలు కొట్టేశారు. నన్నెందుకు తీసుకెళ్లలేదని ఊర్మిళ అడిగే చరణం అమ్మమ్మ ఎప్పుడూ రెండుసార్లు పాడేది. లెక్కల పుస్తకంలో కూడా రెండుసార్లు రాసుకుంది. అది పునరుక్తి అని ఒకటి తీసేశారు. పాట నడక దిద్దారు, మాటలు మార్చారు. అచ్చు పుస్తకాల్లో ఉన్న పాటతో పోల్చి సరిచేశానన్నారు.

నేను ఒప్పుకోలేదు. “మా అమ్మ తప్పులు నలుగురికీ చూపించి నవ్వులపాలు చెయ్యమంటావా అమ్మాయ్?” అన్నారు. నేనూ మాట తూలాను. మూడు వారాలైంది, మా మధ్య మాటల్లేవు. ఆయన చదువుకున్నవారు, నాకు సాహిత్యం తెలియదు. నాదేమైనా పిచ్చి పట్టుదలా?

— పేరు వెయ్యవద్దు, హైదరాబాద్

సలహా

పిచ్చి పట్టుదల కాదమ్మా. పనసపొట్టు ఉండి తీరాలి.

ముందు మీ మామయ్యగారు పోల్చి చూసిన అచ్చు పుస్తకాల సంగతి చెబుతాను. ఈ పాటలు పుస్తకంలో పుట్టి నోళ్లలోకి రాలేదు. నోళ్లలోంచే పుస్తకంలోకి వెళ్లాయి. కృష్ణశ్రీ సంకలనం చేసిన ‘స్త్రీల రామాయణపు పాటలు’ 1955లో ఆంధ్ర సారస్వత పరిషత్తు వేసింది. అందులో ఉన్నది కూడా ఎవరో ఒక ఇంట్లో, ఎవరో ఒకావిడ పాడిన తీరే. ఆవిడ పాడింది అచ్చయింది, మీ అమ్మమ్మ పాడింది అవలేదు, అంతే తేడా. అచ్చయినదాన్ని కొలబద్దగా పెట్టి అవనిదాన్ని దిద్దితే ఒక అమ్మమ్మని ఇంకో అమ్మమ్మతో దిద్దినట్టు.

వెల్చేరు నారాయణరావు గారు తెలుగు స్త్రీల రామాయణ పాటల మీద 1991లో ఇంగ్లిషులో ఒక వ్యాసం వేశారు. యుద్ధాల కంటే ఇంటి సంగతులకి, పురుళ్లకి, అత్తాకోడళ్లకి, అలకలకి ఈ పాటల్లో చోటు ఎక్కువని అందులో చూపించారు. వాల్మీకి ఊర్మిళని అయోధ్యలో వదిలేసి మళ్లీ పలకరించడు. ఆడవాళ్లు ఆమెని 14 ఏళ్లు నిద్రపుచ్చి, మొగుడు తిరిగొచ్చి లేపితే పరాయివాడనుకుని గదమాయించేలా చేశారు. అంత చేసినవాళ్లు విస్తట్లో ఏం వడ్డించాలో ఎవర్నీ అడగరు. కోనసీమలో ఆలుమగలు ఇన్నేళ్లకి కలిసి భోజనానికి కూర్చుంటే పనసపొట్టు లేకుండా ఎలా?

మీ ఉత్తరంలో రెండు ముక్కలు దూరదూరంగా ఉన్నాయి. పెళ్లయిన కొత్తలో తాతగారు ఖరగ్‌పూర్‌లో ఆరేళ్లు ఉన్నారు, అమ్మమ్మ ఊళ్లో ఉండిపోయింది. నన్నెందుకు తీసుకెళ్లలేదని ఊర్మిళ అడిగే చరణం ఆవిడ జీవితమంతా రెండుసార్లు పాడింది. మీరు గమనించి రాశారో, తెలియకుండానే రాశారో. ఆవిడ మనసులో ఏముందో నేను చెప్పలేను. మీ అమ్మగారినీ, ఆ తరంవాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లనీ అడగండి. వాళ్లూ చెప్పలేకపోవచ్చు. కానీ ఒక చరణం కొట్టేస్తే, ఆ ప్రశ్న అడగడానికి కూడా రేపు ఎవరికీ ఆధారం ఉండదు.

బొంత కుట్టేటప్పుడు ఒక పూటంతా చీరలు అటూ ఇటూ మార్చి చూసుకునేదన్నారు. అంత ఎంచి కుట్టే మనిషి పాటలో మాత్రం పొరపాటున ఒక చరణం రెండుసార్లు పాడుతుందనుకోను.

ఇక మామయ్యగారు. ఆయన మీద కోపం వద్దు. “మా అమ్మ తప్పులు” అన్నారు చూడండి, అది పండితుడి మాట కాదు, కొడుకు మాట. అమ్మని నలుగురూ చిన్నచూపు చూస్తారేమోనని భయం. ఏళ్ల తరబడి పిల్లల కాంపోజిషన్లు దిద్దిన చెయ్యి. అమ్మ కోసం ఏదో చెయ్యాలి, ఆయనకి వచ్చిన పని దిద్దడం. ఆ ఎర్ర సిరా కలం లాక్కోకండి, ఆయన రాయాల్సింది వేరే ఉంది. ఏ పాట ఏ సందర్భంలో పాడేది, పక్కన ఎవరు గొంతు కలిపేవారు, ఆ అత్తగారు ఎలాంటి మనిషి, పసివాడుగా తను ఏ పాటకి నిద్రపోయేవాడు — ఇవి ఆయన తప్ప ఇంకెవరూ రాయలేరు. పాత మాటలకి అర్థాలూ, అచ్చు పుస్తకంలో పాట ఎక్కడ వేరుగా ఉందో కూడా ఆయనే వెనక పేజీల్లో ఇవ్వాలి. ముందు పేజీల్లో మాత్రం అమ్మమ్మ పాడింది పాడినట్టే ఉండాలి. రికార్డులో వినబడని చోట చుక్కలు పెట్టండి, ఊహించి పూరించవద్దు. లెక్కల పుస్తకంలో పాటా పాల లెక్కా కలిసి ఉన్న పేజీ ఒకటి ఫొటో తీసి వెయ్యండి. ఆవిడ ఎంత తీరికలో ఇవన్నీ రాసిందో చూసినవాళ్లకి తెలుస్తుంది.

పుస్తకం మీద ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా వెయ్యండి. ఫలానావారి మాతృమూర్తి అని కాదు. ఈ పాటలు కట్టినవాళ్లలో, మార్చినవాళ్లలో ఎందరి పేర్లు మనకి మిగిలాయి?

ఆ 11 రికార్డులు ఒక్క ఫోన్‌లోనే ఉన్నాయంటే నాకు గుండె దడగా ఉంది. ఈ ఉత్తరం చదివిన రోజే ఇంకో రెండు చోట్ల దాచండి. ఏ పాట, ఏ నెలలో పాడిందో ఫైలు పేరుగా రాసుకోండి. మా అమ్మ పాడినవి ఒక్కటీ నా దగ్గర లేవు. ఆ పాటల పుస్తకం కొన్నాను. అన్నీ ఉన్నాయి అందులో, అమ్మ ఆపి ఊపిరి పీల్చే చోటు లేదు.

ఈ శనివారం బస్సెక్కి ఊరెళ్లండి. ప్రూఫుల మాట ఎత్తకండి, క్షమాపణ కూడా తర్వాత చెప్పుకోవచ్చు. ఆ బొంత అరుగు మీద పరిచి, మామయ్యగారిని కూర్చోబెట్టి, ఊర్మిళ పాట పెట్టండి. ఆవిడ దగ్గు వచ్చిన చోటా, దారం తెంపడానికి పాట ఆపిన చోటా ముందుకి జరపకుండా మొత్తం విననివ్వండి.