ఎత్తు పెంచిన జీపుకు డ్రైవ్‌లైన్ కిట్ ఎంచుకోవడం ఎలా?

1997 నుంచి 2006 దాకా తయారైన జీప్ రాంగ్లర్ టీజేని సెకండ్ హ్యాండ్‌లో కొని, నాలుగు అంగుళాలు ఎత్తు లేపి, యూటాలోని మోఆబ్ రాళ్ల మీదికి తీసుకెళ్లాలని ముచ్చటపడే తెలుగువాళ్లు అమెరికాలో ఉన్నారు. స్ప్రింగులు, షాకులు, పెద్ద టైర్లు బిగించేస్తారు. హైవే ఎక్కి వేగం అందుకోగానే కాళ్ల కింద నేల అదరడం మొదలవుతుంది. అప్పుడు ‘ఎస్‌వైఈ కిట్ వేసెయ్యి’ అన్న సలహా వస్తుంది. స్లిప్ యోక్ ఎలిమినేటర్‌నే పొట్టిగా అలా పిలుస్తారు. సలహా మంచిదే. కానీ ఆ కిట్ ఒక్కటీ కొని బిగిస్తే పని పూర్తికాదు. కిట్, కొత్త షాఫ్ట్, వెనక ఇరుసు కోణం మార్చే ఆర్మ్‌లు: ఈ మూడింటికీ కలిపి బడ్జెట్ వేసుకోలేకపోతే ఎత్తు తగ్గించుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ఈ ఇబ్బంది టీజేకే ఎందుకంత ఎక్కువ? ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 93.4 అంగుళాలే. గేర్‌బాక్స్, దాని వెనక ఇంజిన్ బలాన్ని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ పోగా, వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి రెండడుగుల చోటు కూడా మిగలదు. షాఫ్ట్ పొట్టిదైతే ఎత్తు కొంచెం మారినా కోణం చాలా మారుతుంది. పైగా కంపెనీ ఇచ్చిన షాఫ్ట్ ముందు కొస ట్రాన్స్‌ఫర్ కేస్ తోకలోని పళ్ల మీద ముందుకూ వెనక్కూ జారుతూ ఉంటుంది. స్లిప్ యోక్ అంటే ఇదే, కిట్ తీసేసేది దీన్నే. ఇరుసు కిందికి దిగేకొద్దీ ఆ కొస ఒరలోంచి కత్తి బయటికొచ్చినట్టు జారుతుంది. లోపల పట్టు తగ్గి, అసలే పెరిగిన కోణానికి ఊగులాట తోడవుతుంది.

మొదటి పని: బండి కిందికి దూరి చూడండి

ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ఒక చిన్న గుండ్రటి రేకు ఉంటుంది. దాని మీద 231 అనీ 2.72 అనీ ఉంటే మీకు ఈ కిట్ అవసరం పడొచ్చు. 241, 4.0 అని ఉంటే అది 2003 నుంచి వచ్చిన రుబికాన్ మోడల్‌ది. దానికి జారే యోక్ అసలు లేదు కాబట్టి ఎస్‌వైఈ కోసం వెతకకండి, షాఫ్టూ దాన్ని పట్టుకునే యోకూ మారిస్తే సరిపోతుంది. 2004లో వచ్చిన అన్‌లిమిటెడ్‌లో ఇరుసుల మధ్య దూరం పది అంగుళాలు ఎక్కువ. షాఫ్ట్ కూడా ఆ మేరకు పొడుగు కాబట్టి అదే ఎత్తుకు దాని కోణం తక్కువే ఉంటుంది. మీ దగ్గర బండి ఏ సంవత్సరానిదో, ఆటోమేటిక్కో మాన్యువల్లో, వెనక ఇరుసు డానా 35నో 44నో రాసిపెట్టుకోండి. అమ్మేవాళ్లు అడిగే మొదటి ప్రశ్నలు ఇవే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో థార్ నడిపేవాళ్లకు ఒక మాట. టీజే కిట్ థార్‌కి పట్టదు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆర్టీఓ కార్యాలయంలో కనుక్కోకుండా డబ్బు పెట్టకండి.

రెండో పని: వణుకు ఎక్కడిదో తేల్చుకోండి

ఒక వేగం దగ్గర మొదలై, యాక్సిలరేటర్ నొక్కినా వదిలినా ఒకేలా ఉండే వణుకు ఎక్కువగా టైర్ల బ్యాలెన్సింగ్‌ది. నొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా ఉంటే షాఫ్ట్ కోణాన్ని అనుమానించాలి. క్రాస్ బేరింగులు పట్టుకుని ఊపి చూడండి, లూజుగా ఉంటే ముందు వాటిని మార్చండి. రెండు అంగుళాల ఎత్తుతో ఆగిపోయినవాళ్లు చాలావరకు కిట్ లేకుండానే నెట్టుకొస్తారు. ట్రాన్స్‌ఫర్ కేస్‌ని మోసే అడ్డపట్టీని స్పేసర్లతో ఒక అంగుళం దించితే కోణం కాస్త తగ్గుతుంది. కానీ ఎత్తు లేపింది పొట్ట రాళ్లకు తగలకూడదనే కదా, దాన్ని మళ్లీ కిందికి దించడం నాకు నచ్చదు. తాత్కాలికంగా అయితే సరే.

మూడో పని: కిట్ ఎంపిక

231కి దొరికే కిట్లు స్థూలంగా రెండు రకాలు. చవక రకంలో ట్రాన్స్‌ఫర్ కేస్ తోకలోని పాత షాఫ్ట్‌నే బండి కిందే రంపంతో కోసి, కొసన రంధ్రం చేసి మరలు తీసి, కొత్త యోక్‌ని బోల్టుతో బిగిస్తారు. ఇందులో ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పక్కర్లేదు. అయితే కోత వంకరపోయినా, రంధ్రం నడిమధ్యకు పడకపోయినా వెనక్కి తీసుకునే దారి లేదు. రెండో రకంలో లోపలి మెయిన్‌షాఫ్ట్ మొత్తాన్ని తీసేసి, లావైన పొట్టి షాఫ్ట్, పొట్టి తోక భాగం వేస్తారు. కేస్‌ని రెండుగా విప్పాలి. గొలుసు, ఆయిల్ పంపు, స్నాప్ రింగులు అన్నీ చేతికొస్తాయి. కొత్తవాళ్లకు ఒక రోజు పూర్తిగా పడుతుంది, దగ్గర అనుభవమున్న మనిషి ఉంటే మంచిది. రాళ్లెక్కే బండికి నేను రెండో రకాన్నే సిఫారసు చేస్తాను. తోక ఎంత పొట్టిదైతే షాఫ్ట్‌కి అంత పొడుగు దక్కుతుంది, ఆ మేరకు కోణం తగ్గుతుంది. మనం డబ్బు పెట్టేది దానికోసమే.

అడవిలో ఉపయోగపడే లాభం ఇంకొకటి ఉంది. పాత పద్ధతిలో వెనక షాఫ్ట్ విరిగి ఊడితే ఆ తోకలోంచి ఆయిల్ కారిపోతుంది. కిట్ వేశాక విరిగిన షాఫ్ట్‌ని విప్పి పక్కన పెట్టి, ముందు చక్రాల మీద మెల్లగా రోడ్డెక్కవచ్చు.

నాలుగో పని: షాఫ్ట్, కోణాలు

తొందరలో చాలామంది దాటేసేది దీన్నే. మామూలు క్రాస్ జాయింట్ వంగి తిరిగినప్పుడు అవతలి కొస వేగం ఒక్కో చుట్టుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. షాఫ్ట్ రెండు కొసల్లోనూ కోణం సమానంగా ఉంటే ఒకదాని హెచ్చుతగ్గుల్ని రెండోది సరిచేస్తుంది. ఎత్తు లేపిన టీజేలో ఆ సమానమైన కోణాలే మోయలేనంత పెద్దవవుతాయి. అందుకే పై కొసన డబుల్ కార్డన్ జాయింట్ ఉన్న షాఫ్ట్ వేస్తారు. వీటిని అమ్మేవాళ్లు సీవీ షాఫ్ట్ అంటారు. అందులో రెండు క్రాస్‌లు పక్కపక్కనే ఉండి కోణాన్ని చెరిసగం పంచుకుంటాయి, హెచ్చుతగ్గులు అక్కడే తీరిపోతాయి. ఇక కింది జాయింట్‌లో కోణం ఉంటే దాన్ని సరిచేసేవాళ్లు ఎవరూ లేరు. కాబట్టి డిఫరెన్షియల్ మూతి నేరుగా ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు చూడాలి.

ఇరుసును అలా తిప్పడానికి పొడుగు మార్చుకునే కంట్రోల్ ఆర్మ్‌లు కావాలి. ఆగి ఉన్నప్పుడు మూతి షాఫ్ట్ గీత కంటే ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉండేట్టు పెట్టండి. ఇంజిన్ బలం పడ్డప్పుడు అది పైకి లేచి గీతకు వస్తుంది. పైగా పూర్తిగా సున్నా కోణంలో క్రాస్‌లోని సూది బేరింగులు కదలక ఒకేచోట అరుగుతాయి. ఇరవై డాలర్లలోపు దొరికే అయస్కాంతపు కోణమాని ఈ పనికి చాలు.

జాయింట్ సైజు విషయంలో ఆవేశపడకండి. టీజేకి 1310 సైజు సరిపోతుంది. 1350 లావుగా ఉండి చోటు తినేస్తుంది, అన్నిటికంటే గట్టిదైతే విరిగేది దాని పక్కన ఉన్న ఖరీదైన భాగం. వాగులు దాటేవాళ్లు గ్రీజు ఎక్కించే నిపుల్ ఉన్న జాయింట్లు తీసుకోండి. కాస్త బలం తక్కువైనా లోపల చేరిన నీళ్లనూ బురదనూ కొత్త గ్రీజుతో బయటికి నెట్టేయవచ్చు.

షాఫ్ట్‌ని మాత్రం అన్నిటికంటే చివర ఆర్డర్ చేయండి. కిట్ బిగించి, మూతి కోణం సరిచేసి, బండిని నాలుగు చక్రాల మీద సమనేల మీద నిలబెట్టి కొలవాలి. జాకీ మీద ఇరుసు వేలాడుతుండగా తీసిన కొలత పనికిరాదు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కొలవాలో ఒక్కో తయారీదారు ఒక్కోలా చెబుతారు, వాళ్ల బొమ్మ చూసే కొలవండి.

బిగించే రోజు

వెనక షాఫ్ట్ విప్పాక గేర్ ‘పీ’లో ఉన్నా బండి ఆగదు, దొర్లిపోతుంది. చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టకుండా, స్టాండ్‌లు వేయకుండా ఒక్క బోల్టు కూడా విప్పకండి. ప్రాణం పోయే పొరపాటు ఇదే.

షాఫ్ట్ బిగించాక ఇరుసును పూర్తిగా కిందికి వేలాడదీసి, చేత్తో తిప్పి చూడండి. జాయింట్ ఎక్కడైనా ఒరుసుకుంటే ఇరుసు అంతదూరం దిగకుండా లిమిట్ స్ట్రాప్ వేయాలి. బ్రేక్ గొట్టాలు, హ్యాండ్‌బ్రేక్ తీగలు బిగుసుకుపోతున్నాయేమో అప్పుడే చూడండి. కేస్‌లోకి కొత్త ఆయిల్ ఒక లీటరు దాకా పడుతుంది, ఏ రకమో బండి పుస్తకంలో ఉంటుంది. వందో రెండొందలో మైళ్లు తిరిగాక యోక్ బోల్టులు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూసుకోండి. డబుల్ కార్డన్ నడుమ ఒక గుండ్రటి బంతి ఉంటుంది. గ్రీజు గన్‌కు సన్నటి సూది ముక్కు తగిలిస్తే గానీ అక్కడికి అందదు, అందుకే చాలామంది దాన్ని వదిలేస్తారు. ఆ ముక్కును షాఫ్ట్‌తో పాటే కొని, ఆయిల్ మార్చిన ప్రతిసారీ దానికీ గ్రీజు పెట్టండి.