పలుచన చేయుటలో పాళ్ళ లెక్క

ఔషధము ఎంత శ్రేష్ఠమైనను గాఢత తప్పినచో గుణము తప్పును. పలుచనైనచో పనిచేయదు; చిక్కనైనచో హాని చేయును. కనుక ఇంట మందునీళ్ళు కలుపుకొనువారు ఈ లెక్కను ఎరిగియుండవలెను.

మూలసూత్రము ఒక్కటే. నీరు పోసినను, ఇగిర్చినను అందలి మందు పరిమాణము మారదు. అందుచేత తొలి గాఢతను తొలి కొలతతో గుణించిన ఫలము, తుది గాఢతను తుది కొలతతో గుణించిన ఫలమునకు సమానము.

మొదట కషాయమును చూతము. శార్ఙ్గధర సంహితను అనుసరించి ద్రవ్యమునకు 16 రెట్లు నీరు పోసి, 8వ వంతు మిగులునట్లు కాచవలెను. 50 గ్రాముల ముతక చూర్ణమునకు నీరు 800 మి.లీ.; మిగులవలసినది 100 మి.లీ. తొందరపడి 200 మి.లీ. వద్దనే దింపినచో, ప్రతి మోతాదులో చేరు మందు సుమారు సగమే.

ఇక రక్తము ఒలికిన నేలను శుద్ధిచేయుటకు 5 శాతపు సోడియం హైపోక్లోరైట్ ద్రావణమును 0.5 శాతమునకు తేవలెననుకొందము. 5ను 0.5తో భాగింపగా 10 వచ్చును. అనగా మొత్తము 10 పాళ్ళు కావలెను: ద్రావణము 1 పాలు, నీరు 9 పాళ్ళు. పలువురు 10 పాళ్ళ నీరు పోయుదురు. అప్పుడు మొత్తము 11 పాళ్ళై గాఢత 0.45 శాతమునకు దిగును. దీనిలో ఆమ్లమును ఎన్నడును కలుపరాదు, విషవాయువు వెలువడును.

రసి కారు చర్మవ్యాధులలో వైద్యులు చెప్పు పొటాషియం పర్మాంగనేట్ నీరు 10,000 పాళ్ళకు 1 పాలు, అనగా 0.01 శాతము. లీటరుకు గ్రాములో పదవవంతు మాత్రమే! దీనిని చిటికెతో కొలుచుట ప్రమాదకరము. తూచిన 1 గ్రామును నీటిలో కరిగించి 100 మి.లీ. చేసినచో 1 శాతపు ద్రావణమగును. అందుండి 10 మి.లీ. తీసి, నీటితో 1 లీటరుకు నింపవలెను. నీరు లేత గులాబి రంగున ఉండవలెను. ముదురు ఊదా రంగైనచో వాడరాదు. కరగని పలుకులు చర్మమును కాల్చును. ఇది లోనికి పుచ్చుకొనదగినది కాదు.

అభ్యాసము: 6 శాతపు హైడ్రోజన్ పెరాక్సైడ్ 20 మి.లీ. ఉన్నది. 1.5 శాతమునకు తెచ్చుటకు ఎంత నీరు కలుపవలెను?

సమాధానము: 6ను 20తో గుణింపగా 120, దానిని 1.5తో భాగింపగా 80. అది మొత్తము. కలుపవలసిన నీరు 60 మి.లీ. మొత్తమునకు, కలుపు నీటికి గల ఈ భేదమును గుర్తించినవారికి లెక్క తప్పదు.