ఊరికే వచ్చిన డబ్బు కాదు

అమెరికా ధనిక దేశం. అయినా అక్కడా పేదల వాడలు ఉన్నాయి. గతుకుల రోడ్లు ఉన్నాయి. పాడుబడిన ఇళ్లు ఉన్నాయి.

2008లో ఆ దేశానికి పెద్ద కష్టం వచ్చింది. ఇళ్ల కోసం చేసిన అప్పులు చాలామంది కట్టలేకపోయారు. బ్యాంకులు దెబ్బతిన్నాయి. పనులు ఆగిపోయాయి. 2009 అక్టోబరు నాటికి పనిచేసే వాళ్లూ, పని వెతుక్కునే వాళ్లూ కలిపి 100 మంది ఉంటే, అందులో 10 మందికి పని లేదు. నగరాలకు వచ్చే పన్నులూ తగ్గాయి.

2009 ఫిబ్రవరి 17న అధ్యక్షుడు ఒబామా ఒక చట్టం మీద సంతకం పెట్టారు. పనులు మళ్లీ మొదలుకావాలంటే కేంద్ర ప్రభుత్వమే డబ్బు ఖర్చు పెట్టాలి. ఆ చట్టం అందుకే వచ్చింది. అందులో 100 కోట్ల డాలర్లు వాడల బాగు కోసం పెట్టారు. ఆ డబ్బును సుమారు 1,200 నగరాలకు, జిల్లాలకు, రాష్ట్రాలకు పంచారు.

గ్రాంటు అంటే ఏమిటి?

గ్రాంటు అప్పు కాదు. తిరిగి కట్టనక్కరలేదు. కాని లెక్క చెప్పాలి. షరతులు తప్పితే డబ్బు వెనక్కి అడుగుతారు. నగరం ఈ గ్రాంటు తీసుకున్నదంటే ఆ షరతులకు ఒప్పుకున్నట్లే.

ఏమిటా షరతులు?

1. నూటికి కనీసం 70 డాలర్లు తక్కువ ఆదాయం, మామూలు ఆదాయం ఉన్న వాళ్లకు పనికొచ్చేలా ఖర్చు పెట్టాలి.

2. రోడ్లు, కాలువలు, నీటి గొట్టాలు, ఇళ్ల మరమ్మతు వంటి పనులు చేయవచ్చు. ఈతకొలను, గోల్ఫ్ ఆటస్థలం, జూదశాల కట్టకూడదు.

3. కట్టడం పనిలో కూలీలకు ఆ ప్రాంతంలో నడిచే కూలి రేటు తగ్గకుండా ఇవ్వాలి.

4. 2012 సెప్టెంబరు 30 లోగా మొత్తం ఖర్చు చేయాలి.

5. ఏ పనికి ఎంత ఖర్చు పెడతారో ముందే జనానికి తెలపాలి. వాళ్ల మాట వినాలి.

ఏడు రోజుల గడువు

ఈ అయిదో షరతు చాలా ముఖ్యం. వాడల బాగు కోసం ఇచ్చే గ్రాంటు 1974 నుంచీ ఉంది. మామూలుగా జనం తమ మాట చెప్పడానికి 30 రోజులు గడువు ఇస్తారు. 2009లో పనులు తొందరగా మొదలుకావాలని ఆ గడువు 7 రోజులకు తగ్గించారు.

ఏడు రోజులంటే ఎంత? ఒక్క వారం. ఆ వారంలోనే నోటీసు చూడాలి. చదవాలి. ఏ వీధి పేరు ఉందో, ఏ వీధి పేరు లేదో గమనించాలి. "మా వాడలో కాలువ లేదు, ముందు అది కట్టండి" అని రాసి ఇవ్వాలి. నోటీసు చదవని వాడ మాట ఎవరికి వినపడుతుంది? డబ్బు పేదల పేరునే వస్తుంది. ఏ పని ముందో అడిగే వాళ్లు మాత్రం నోటీసు చదివిన వాళ్లే.

ఇంకొక సంగతి. ఇది ఒక్కసారి వచ్చే డబ్బు. కట్టిన కాలువను తరవాత శుభ్రం చేయించాలి. దానికి డబ్బు ఎక్కడిదని కూడా ముందే అడగాలి.

మన ఊళ్లోనూ కేంద్రం నుంచి పంచాయతీకి నిధులు వస్తాయి. అడగడానికి గ్రామసభ ఉంది. లెక్క తెలుసుకోవడానికి 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ఉంది. పంచాయతీ గోడ మీద కాగితం అంటిస్తే ఆగి చదవండి. పక్కింటామెకు చదివి వినిపించండి.

కొత్త మాటలు

గ్రాంటు – తిరిగి కట్టనక్కరలేని ప్రభుత్వ సాయం

షరతు – ఒప్పుకున్న కట్టుబాటు

గడువు – ఇచ్చిన సమయం

జవాబులు చెప్పండి

1. గ్రాంటుకూ అప్పుకూ తేడా ఏమిటి?

2. 30 రోజుల గడువు 7 రోజులైతే ఎవరికి నష్టం?

3. మీ వాడకు ముందుగా కావలసిన పని ఏది? రెండు వాక్యాలు రాయండి.