మసక అంతయు శుక్లము కాదు



కురిచేడు ప్రాంతమున అరువది దాటిన రైతుకు చూపు మందగించినచో, “శుక్లము కాబోలు, మిరపకోత అయిన పిమ్మట చూపించుకొందము” అని ఊరకుండుట కద్దు. శుక్లమైనచో కొంత ఆలస్యమైనను ఆపరేషనుతో చూపు సాధారణముగా తిరిగి వచ్చును. కాని పెద్ద వయస్సులో మసక కలిగించు మరియొక వ్యాధి గలదు. దానివలన పోయిన చూపు తిరిగి వచ్చుట అరుదు.

వ్యాధి ఎచ్చట వచ్చును?

శుక్లము కంటి ముందుభాగములోని కటకమునకు వచ్చును. ఈ వ్యాధి కంటి వెనుక తెర నడిమి భాగమునకు వచ్చును. దానిని మాక్యులా అందురు. అది చెడినచో సూటిచూపు పోవును, ప్రక్కచూపు మిగులును. అట్టివాడు గట్టుపై నడువగలడు గాని, మిరపాకుపై తామర పురుగును గుర్తింపలేడు, మందు డబ్బాపై మోతాదు చదువలేడు.

రెండు రకములు

1. పొడి రకము: రోగులలో నూటికి 85 నుండి 90 మందికి ఇదియే. మాక్యులా క్రింద పసుపువన్నె మడ్డి చేరి, పొర పలుచబడును. ఏండ్ల తరబడి మెల్లగా ముదురును.

2. తడి రకము: పొడి రకమే ఇట్లు మారవచ్చును. తెర క్రింద బలహీనమైన క్రొత్త రక్తనాళములు పుట్టి నీరు, నెత్తురు కారును. కొద్ది వారములలోనే చూపు దెబ్బతినవచ్చును. వెంటనే వైద్యము చేయించినచో, కంటిలోనికి ఇచ్చు సూదిమందుతో మిగిలిన చూపును చాలవరకు నిలుపవచ్చును.

ఎవరికి ప్రమాదము?

వయస్సు, వంశములో వ్యాధి యుండుట మన చేతిలో లేవు. పొగత్రాగుట, అదుపులేని రక్తపోటు, ఆకుకూరలు తినకుండుట మన చేతిలోనివి. 1996 – 2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు ఆంధ్రప్రదేశ్‌లో జరిపిన సర్వేలో, చుట్టలు అధికముగా త్రాగువారిలో ఈ వ్యాధి హెచ్చుగా కనబడినది. పొగాకు పండించు మనము దీనిని మరువరాదు. ఆకు అమ్ముకొనుటకే గాని చుట్టి కాల్చుటకు గాదు.

చేయవలసిన పనులు

1. వారమున కొకసారి ఒక కన్ను మూసి, రెండవ కంటితో ద్వారబంధమును చూడుడు. రెండు కండ్లు తెరచి చూచినచో మంచి కన్ను చెడ్డ కంటి లోపమును కప్పిపుచ్చును.

2. తిన్నని గీత వంకరగా కనబడినను, నడుమ నల్లని మచ్చ తోచినను కోతకై ఆగక కంటి డాక్టరును కలియుడు.

3. పెరటిలో మునగ, తోటకూర, పాలకూర పెంచి దినమూ తినుడు. మాక్యులాకు పసుపు రంగు నిచ్చు లూటీన్ అను పదార్థము వీనియందు గలదు.

4. చుట్ట, బీడీ మానుడు. రక్తపోటు చూపించుకొనుడు.

మీ యింటి పెద్దలకు ఈ ద్వారబంధపు పరీక్షను నేడే చేయించుడు.